టెర్లిన్ అన్నయ్య

అద్దంకి పేరు చెప్పగానే చదువుకున్నవాళ్ళు పండరంగని శాసనం అంటారు, ఎర్రాప్రగడ అంటారు. భక్తులు సింగరకొండ ఆంజనేయస్వామి అంటారు. మా ఇంట్లో మాత్రం అద్దంకి అంటే రెండే: పొలంలో పత్తి, బజారులో అన్నయ్య కుట్టుమిషను. పెద్దకొడుకు వ్యవసాయానికి పనికిరాడని తేలిపోయాక మా నాయన వాణ్ణి ఒక టైలరు దగ్గర పనికి పెట్టాడు. "పత్తీ మనదే, కుట్టేదీ మనోడే. మధ్యలో మగ్గం ఒకటి తక్కువ" అని నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ మురిపెం మీద టెర్లిన్ వచ్చి పడింది. 1969 సంక్రాంతికి కాబోలు, అన్నయ్య తన మొదటి సంపాదనతో తెల్ల టెర్లిన్ చొక్కా కుట్టుకుని, నలగని మడతలతో పెళ్ళికొడుకులా వీధిలోంచి నడిచి వచ్చాడు. నాయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చొక్కా అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూశాడు. "చెమట తాగని గుడ్డ గుడ్డేందిరా? పత్తి రైతు కొడుకువి, ఇంకోసారి ఈ ఇంట్లో ఇది కనపడకూడదు" అన్నాడు.

కనపడింది. ఆ తర్వాత టెరికాటన్ కూడా కనపడింది. ఆ ప్యాంట్లు కుట్టే అన్నయ్య మా ఇంటి అప్పులు తీర్చాడు, నన్ను డిగ్రీ దాకా చదివించాడు. నాయన మాత్రం చివరిదాకా గంజిపెట్టిన నూలు చొక్కాయే తొడిగాడు.

ఆ చివరి రోజు సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. 1978 వేసవి. మిరపకాయలు గుంటూరులో అమ్ముకుని వచ్చిన మర్నాడు, పొద్దున్నే నడుము పట్టేసిందన్నాడు. అమ్మ వెల్లుల్లి నూనె కాచి రాసింది. కాసేపటికి నొప్పి పొట్టలోకి వచ్చింది. ఒళ్ళంతా చెమటలు, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. కారు మాట్లాడి ఒంగోలు బయల్దేరాం. మేదరమెట్ల చేరకుండానే నా ఒళ్ళో తల వాల్చేశాడు. యాభై ఏడేళ్ళు. వాయువు గుండెకెక్కిందన్నారు పెద్దలు. మేమూ నలభై అయిదేళ్ళ పాటు అదే నమ్మాం.

2023 నవంబరులో అన్నయ్యకు కిడ్నీలో రాయి నొప్పి వచ్చింది. ఒంగోలులో స్కానింగు తీయించాం. రాయి చిన్నదే. కాని స్కానింగు డాక్టరు దాన్ని వదిలేసి పొట్ట మధ్యలో ఒకచోట ఆగిపోయాడు. అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు. "పెద్దాయనా, దీన్ని హైదరాబాదులో చూపించుకోండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. కాగితం మీద రాసిన మాట టూకీగా చెప్పాలంటే ఇది: పొట్టలో బృహద్ధమని ఉబ్బింది.

బృహద్ధమని అంటే గుండెనుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం. పైకి లేచి, చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముక పక్కగా కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి కాళ్ళకు పోతుంది. మా వైపు వాళ్ళకు సాగర్ కుడి కాలువ సంగతి చెబితే చాలు. మా అద్దంకి బ్రాంచి కాలువలాంటివన్నీ దానిలోంచి చీలినవే గదా! పెద్ద కాలువ గట్టు ఒకచోట మెత్తబడి బయటికి పొంగిందనుకోండి. పొంగిన కొద్దీ గట్టు పలచబడుతుంది, నీటి ఒత్తిడి అక్కడే ఎక్కువ పని చేస్తుంది. గండి పడేదాకా పైరుకేమీ తెలియదు, నీళ్ళు మామూలుగానే వస్తుంటాయి.

పొట్టలో ఈ నాళం వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు. మూడు దాటితే ఉబ్బు అంటారు. మగవాళ్ళలో అయిదున్నరకు చేరితే ఆపరేషను మాట ఎత్తుతారు. అన్నయ్యది 6.2. ఆయన జేబులోంచి టేపు తీసి, సెంటీమీటర్ల వైపు చూసి, తిప్పి అంగుళాల వైపు చూసుకున్నాడు. "ముప్పావు అంగుళం ఉండాల్సింది రెండున్నర అంగుళాలకు వచ్చిందిరా. నేనింత లూజు ఎవరికీ పెట్టలా" అన్నాడు.

నవ్వాడు గాని, హైదరాబాదు మాట ఎత్తితే ససేమిరా అన్నాడు. "నొప్పి లేదు, నలత లేదు. నొప్పి లేని రోగానికి పొట్ట కోయించుకోవడమేందిరా? రాయి పోయింది, అంతే చాలు."

అక్కడే మా అబ్బాయి తన ఫోను విజ్ఞానం ప్రదర్శించాడు. ఐన్‌స్టీనుకు కూడా ఇదే జబ్బట. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆయన పొట్ట తెరిచి, ఉబ్బిన నాళం చుట్టూ సెలోఫేన్ కాగితం చుట్టాడు. ఒళ్ళు ఆ కాగితానికి ఒరుసుకుని గట్టి పొర కడుతుందని ఆశ. అప్పటికి అంతకన్నా దారి లేదు. ఆరేళ్ళకు పైగా నెట్టుకొచ్చాడు. 1955 ఏప్రిల్‌లో ఆ ఉబ్బు పగిలింది. మళ్ళీ ఆపరేషను వద్దన్నాడు, పోయాడు.

"చూశావా, అంత మేధావే వద్దన్నాడు" అన్నాడు అన్నయ్య.

మా అబ్బాయి ఊరుకోలేదు. అమెరికాలో మైకేల్ డిబేకీ అనే మహా సర్జన్ కథ ఎత్తుకున్నాడు. ఈ పెద్ద నాళానికి ఆపరేషన్లు నేర్పినవాళ్ళలో ఆయన ముందువరసలోవాడు. 2005 డిసెంబరు 31న, తొంభై ఏడేళ్ళ వయసులో, ఆయన ఛాతీలోనే ఆ నాళం గోడ చీలింది. జబ్బేమిటో తనకు తానే పోల్చుకున్నాడు. తాను కనిపెట్టిన ఆపరేషనే తనకు వద్దన్నాడు. చివరికి 2006 ఫిబ్రవరిలో చేశారు. కోలుకుని, 2008 దాకా బతికి, నూరేళ్ళకు రెండు నెలల ముందు పోయాడు.

"ఇంకేం! కనిపెట్టినోడే వద్దన్నాడుగా!" అన్నాడు అన్నయ్య, గెలిచినట్టు.

అంతవరకూ గుమ్మంలో నిలబడి ఉన్న మా వదిన, "మరి ఆపరేషను ఎట్టా జరిగింది నాయనా?" అని అడిగింది. డాక్టర్లు తటపటాయిస్తుంటే ఆయన భార్య వాళ్ళ సమావేశంలోకే వెళ్ళి పట్టుబట్టిందట అన్నాడు వాడు. వదిన మరి మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి బట్టలు సర్దింది.

నార్కెట్‌పల్లి రోడ్డు మీదుగా హైదరాబాదు చేరాం. అక్కడి రక్తనాళాల సర్జనుకు నలభై అయిదేళ్ళుండవచ్చు. సీటీ స్కాన్ బొమ్మలు తెరమీద తిప్పుతూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు: "మీ ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా?"

అన్నయ్య నా వంక చూశాడు, నేను అన్నయ్య వంక చూశాను. నడుము నొప్పి, చెమటలు, మేదరమెట్ల రోడ్డు, ఒక్కొక్కటే నేనే చెప్పాను. డాక్టరు విని, "అదే అయి ఉండవచ్చు. ఇప్పుడు రూఢిగా చెప్పలేం. ఇది పగిలితే పదిమందిలో ఎనిమిదిమంది దాకా దక్కరు. సగానికి సగం ఆసుపత్రికే చేరరు" అన్నాడు. ఆ తర్వాత, "పొగ తాగుతారా?" అన్నాడు. నాయన చుట్ట, అన్నయ్య కత్తెర మార్కు సిగరెట్లు, నా చుట్ట, మొత్తం వంశవృక్షం ఒప్పుకున్నాం. ఈ జబ్బుకు పొగను మించిన కారణం లేదట. రక్తసంబంధం దాని తర్వాతిది.

ఇక ఆపరేషను మాట. డాక్టరు రెండు దారులు చెప్పాడు. అన్నయ్య రెంటినీ తన భాషలోకి మార్చుకున్నాడు.

మొదటిది పాత దారి. పొట్ట తెరిచి, రక్తం ఆపి, ఉబ్బిన నాళాన్ని చీల్చి, లోపల గుడ్డ గొట్టం పెట్టి రెండు కొసలా కుట్టడం. పాత గోడనే దానిమీద కప్పి మూసేస్తారు. 1951లో పారిస్‌లో షార్ల్ ద్యుబోస్ట్ మొదట చేసినప్పుడు చనిపోయిన మనిషి నాళం తెచ్చి అతికాడు. గుడ్డ గొట్టాలు ఆ తర్వాతివి.

రెండోది కొత్త దారి. తొడ మొదట్లో చిన్న రంధ్రం. అందులోంచి సన్నని గొట్టంలో ముడిచిపెట్టిన గుడ్డను పైకి పంపి, ఉబ్బిన చోట విప్పుతారు. గుడ్డకు కుట్టిన లోహపు స్ప్రింగులు విచ్చుకుని గోడకు పట్టుకుంటాయి. గుండె రక్తనాళాల్లో వేసే స్టెంటు మనకు తెలిసిందే. 1998లో అబ్దుల్ కలాంగారు, డాక్టర్ సోమరాజుగారు కలిసి హైదరాబాదులో చవకగా తయారుచేయించిన కలాం–రాజు స్టెంటు పేరు విననివారెవరు? ఇది దానికి పెద్దన్న, పైగా చొక్కా తొడిగిన పెద్దన్న. 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలొదోస్ ఛాతీలోని నాళానికి, 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో హువాన్ పరోది పొట్టలోని నాళానికి ఈ దారి తెరిచారు. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే నడుస్తున్నది.

"అంటే మొదటిది ముక్క మార్చడం, రెండోది లైనింగు వెయ్యడం" అన్నాడు అన్నయ్య.

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మీరేం చేస్తుంటారు?"

"టైలర్ని, సార్. యాభై అయిదేళ్ళ సర్వీసు."

ఆ తర్వాత వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. మేమంతా ప్రేక్షకులం. కొత్తదే మేలు గదా అన్నాడు మా అబ్బాయి. డాక్టరు తల ఊపలేదు. 2004లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశీలనలో, పొట్ట కోసినవారిలో నెలలోపు పోయినవారు నూటికి 4.7 మంది, తొడదారిన వెళ్ళినవారిలో 1.7 మాత్రమే. కాని పదిహేనేళ్ళ లెక్క 2016లో వచ్చేసరికి ఆ ఆధిక్యం నిలవలేదు. లైనింగు జారవచ్చు, పక్కలనుంచి రక్తం ఊరవచ్చు. అందుకని జీవితాంతం స్కానింగులు తీయించుకుంటూ ఉండాలి, ఒక్కోసారి మళ్ళీ సరిచేయాలి. ముసలివాళ్ళకు, గుండె, ఊపిరితిత్తులు బాగాలేనివాళ్ళకు అదే వరం. గట్టిగా ఉన్నవాళ్ళకు పాతది పాతబడలేదు.

"మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. లైనింగు పట్టుకోవడానికి కిడ్నీ నాళాల కింద ఆరోగ్యంగా ఉన్న భాగం పది పదిహేను మిల్లీమీటర్లుండాలి. మీకు ఆరే ఉంది. దాన్ని మేం మెడ అంటాం" అన్నాడు డాక్టరు.

"మెడ లేకపోతే కాలరెట్టా నిలబడుద్ది సార్?" అన్నాడు అన్నయ్య.

దానికీ ఉపాయం వచ్చిందట. సీటీ స్కాన్ కొలతలు పంపితే, ఆ మనిషి కోసమే కుట్టి పంపుతారు. కిడ్నీలకు పోయే నాళాలు ఎక్కడెక్కడున్నాయో అక్కడక్కడ గుడ్డకు రంధ్రాలు పెట్టి, అంచులు కట్టి, వాటిలోంచి చిన్న స్టెంట్లు దించుతారు.

"కాజాలు!" అన్నాడు అన్నయ్య, మొహం వెలిగిపోతూ.

"కాజాలే. కాకపోతే కుట్టి రావడానికి వారాలు పడుతుంది." డాక్టరు చెప్పిన ధర విని వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్యవసరంగా వచ్చేవారి కోసం కొమ్మలతో సహా రెడీమేడ్‌వి కూడా తయారవుతున్నాయట. అవి అందరి ఒంటికీ సరిపోవు.

అన్నయ్య కాసేపు ఆలోచించాడు. "సార్, రెడీమేడ్ నాకు పట్టదు. కాజాలది మాకు అందదు. నా గుండె మీకు బాగానే ఉందనిపిస్తే, మీ చేత్తో కుట్టండి" అన్నాడు. గుండె పరీక్షలన్నీ చూసి డాక్టరు కూడా అదే మాటకు వచ్చాడు. భయం ఒక్కటే. మెడ పొట్టి గనక, రక్తం ఆపే పట్టకారు కిడ్నీల పైన వెయ్యాలి. ఆ కాసేపూ కిడ్నీలకు రక్తం ఉండదు. అరగంటలోపు పైకుట్టు పూర్తికావాలి. కాకపోతే కిడ్నీలు దెబ్బతినే భయముంది.

వార్డులో అన్నయ్య పక్క మంచం మీద మిర్యాలగూడ వైపు లారీ డ్రైవరు, నలభై ఏళ్ళు కూడా లేవు. రక్తపోటు మాత్రలు మానేశాడు. ఒకరోజు స్టీరింగు దగ్గరే ఛాతీలోంచి వీపులోకి కత్తితో చీరినట్టు నొప్పి. ఆ కుర్రాడిది ఉబ్బు కాదు, చీలిక. నాళం గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు దూరుతుంది. గుండె దగ్గర చీలితే మొదటి గంటల్లో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున పోతారట. అతనికి చేసిన ఆపరేషను పేరు "ఏనుగు తొండం". వంపు దగ్గర నాళం మార్చి, గుడ్డ గొట్టం కొస ఒకటి కిందికి వేలాడదీస్తారు, అందుకని ఆ పేరు. 1983లో జర్మనీలో హాన్స్ బోర్స్ట్ మొదలుపెట్టాడు. ఇప్పుడా తొండానికి స్ప్రింగులు కుట్టి బిగుసుకునేట్టు చేశారు గనక రెండో ఆపరేషను చాలామందికి తప్పుతున్నది. ఆ పని చేస్తున్నంతసేపూ ఒళ్ళు చల్లబరిచి, రక్తప్రవాహం ఆపేసి, మెదడుకు మాత్రం విడిగా రక్తం పంపుతారు. ఆ కుర్రాడు నాలుగు ఇడ్లీలు తింటూ, "చచ్చి మళ్ళీ పుట్టిన, తాతా" అని అన్నయ్యకు ధైర్యం చెప్పాడు.

2024 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం. నాలుగు గంటలు పట్టింది. బయట బెంచీ మీద వదిన హనుమాన్ చాలీసా పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. నా జేబులో చుట్ట ఉంది, బయటికి వెళ్ళి వెలిగించుకుందామనిపించి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. నా ఒళ్ళో నాయన తల బరువు, నలభై అయిదేళ్ళ తర్వాత, ఆ బెంచీ మీద తెలిసింది.

డాక్టరు బయటికి వచ్చి, "పైకుట్టు ఇరవై ఆరు నిమిషాల్లో అయింది" అన్నాడు. మంచిదే గాని కిడ్నీల సంగతి ఇంకా తెలియదు. ఆ రాత్రంతా వదిన ఎదురుపడ్డ ప్రతి నర్సునూ ఒకటే ప్రశ్న అడిగింది: "అమ్మా, ఒంటేలు వచ్చిందా?" యాభై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఎవరి ముందూ అనని మనిషి. తెల్లవారుజామున ఒక నర్సు నవ్వుతూ వచ్చి, సంచీ నిండిందని చెప్పింది. వదిన అప్పుడు ఏడ్చింది.

అయిదో రోజు డాక్టరు చూడవచ్చినప్పుడు అన్నయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సార్, ఏం గుడ్డ వేశారు?"

"డేక్రాన్. అంటే పాలియెస్టర్. మీ కాలంలో టెర్లిన్ అనేవాళ్ళే, అదే."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. నాయన గుర్తొచ్చాడని నాకు తెలుసు. ఆ గుడ్డ ఎలా వచ్చిందో కూడా డాక్టరే చెప్పాడు. 1950ల మొదట్లో ఆ డిబేకీయే హ్యూస్టన్‌లో ఒక దుకాణానికి నైలాన్ గుడ్డ కోసం వెళ్ళాడు. నైలాన్ అయిపోయింది, కొత్తరకం డేక్రాన్ ఉంది, పట్టుకుపొమ్మన్నారు. చిన్నప్పుడు తల్లి కుట్టుపని నేర్పింది గనక, ఇంట్లో భార్య మిషను మీద తనే గొట్టాలు కుట్టాడు. నైలాన్ ఒంట్లో బలం కోల్పోతుందని తర్వాత తేలింది. డేక్రాన్ నిలబడింది.

"ఆ గుడ్డ చెమట తాగదని మా నాయన తిట్టేవాడు, సార్."

"మాకు కావలసిందీ అదే. తాగని గుడ్డ. వెనకటి రోజుల్లో నేతలోంచి రక్తం కారకుండా రోగి రక్తంలోనే ముందు తడిపేవాళ్ళు. ఇప్పుడు జెలటిన్‌తోనో కొల్లాజెన్‌తోనో పూత పూసి వస్తున్నది."

"గంజి పెట్టి!" అన్నాడు అన్నయ్య. నవ్వితే కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "సార్, ముక్కేమైనా మిగిలిందా? కొలత పోగా మిగిలిన ముక్క ఖాతాదారుడిది. మా వృత్తిలో న్యాయం అది" అన్నాడు. మా అన్నయ్య ఆ న్యాయం తన ఖాతాదారులకు ఎన్నడూ పాటించగా నేను చూడలేదు. కాని డాక్టరు వేలెడు ముక్క తెప్పించి ఇచ్చాడు. తెల్లగా, హార్మోనియం తిత్తిలా ముడతలు ముడతలుగా ఉంది. వంగినా మడతపడకుండా ఉండడానికి ఆ ముడతలట.

తిరిగి వస్తూ నేను ఒకటే ఆలోచించాను. 1978లో మేదరమెట్ల దాటి ఒంగోలు చేరినా మాకు ఏమి దొరికేదో తెలియదు. ఆ గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనే 2016లో డాక్టర్ గోఖలేగారు గుండె మార్పిడి చేశారు. హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. చేసేవాళ్ళు వచ్చారు, గుడ్డ వచ్చింది, కాజాలు కూడా వచ్చాయి. ఉబ్బిందని తెలియడం ఒక్కటే ఇంకా కిడ్నీలో రాయి మీద ఆధారపడి ఉంది. ఇంగ్లండులో 2009లో మొదలుపెట్టి, 2013 నాటికి దేశమంతటా, అరవై అయిదేళ్ళు వచ్చిన ప్రతి మగవాణ్ణీ పిలిచి ఒక్కసారి పొట్ట స్కానింగు తీసే ఏర్పాటు చేశారు. సూది లేదు, కోత లేదు, పది నిమిషాల పని. మనల్నెవరూ పిలవరు, మనమే వెళ్ళాలి.

ఇంత తెలిసీ నేను వెళ్ళలేదు. డాక్టరు ఆనాడే నన్ను చూపించి, "తమ్ముడు కూడా తీయించుకోవాలి" అన్నాడు. పత్తి తీతలున్నాయన్నాను, మిరప కల్లాలున్నాయన్నాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన నాకు పత్తి తీతలతో పనేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, పాపం. జూన్‌లో అన్నయ్య మళ్ళీ కొట్టు తెరిచాడు. ఒకరోజు నేను వెళితే, టేపు తీసి నా పొట్ట చుట్టూ వేశాడు.

"చొక్కా కుట్టిస్తున్నావా?"

"లోపలి కొలత ఎప్పుడు తీయిస్తావురా? పెళ్ళి రేపనగా గుడ్డ తెచ్చేవాడంటే నాకు ఎంత ఒళ్ళుమంటో నీకు తెలుసు" అన్నాడు. నవ్వలేదు. "నాయన్ని నువ్వు ఒళ్ళో పెట్టుకున్నావు. నిన్ను నేను పెట్టుకోలేను. నా పొట్టలో కుట్లున్నాయి."

మర్నాడే ఒంగోలు వెళ్ళాను. చల్లని జిగురు రాసి, యంత్రం తిప్పి, డాక్టరు ఒకచోట ఆగాడు. నా గుండె కూడా అక్కడే ఆగింది. 4.1. ఆపరేషను అక్కర్లేదు. పొగ మానాలి, రక్తపోటు అదుపులో పెట్టుకోవాలి, ఏడాదికోసారి కొలత చూపించుకోవాలి. చుట్టల కట్ట బస్టాండులో ఒకాయనకు ఇవ్వబోయి, ఆయన పొట్ట వంక చూసి, చెత్తకుండీలో వేశాను.

సాయంత్రం కొట్టుకు వెళ్ళి చెప్పాను. అన్నయ్య ఏమీ అనకుండా కొలతల పుస్తకం తీశాడు. తన టెర్లిన్ ముక్కను అందులోనే పేజీకి గుండుసూదితో గుచ్చుకున్నాడు. దాని కింద, పెళ్ళివారి ఛాతీలూ నడుములూ రాసే అలవాటైన చేత్తో, నా పేరు రాసి, పక్కన 4.1 అని వేశాడు. డెలివరీ తేదీ గడిలో, వచ్చే జూన్ అని రాశాడు.